ఉప్పు మినహా

నమోదు 212
గాలి: దక్షిణం, మెల్లగా. తీగ: బాగుంది.

"తోడు" కొత్త ప్రోగ్రాం మూట ఈ ఉదయం విడుదల చేశాను. నా పేరు లోవకుమారి. నది మీద ఇళ్ళతో సహా తేలే మా పంట్లలో, నడిమి పంటు మూటల గదికి పెద్దనీ నేనే, ఊడ్చేదాన్నీ నేనే. మూట విడుదలైన ప్రతిసారీ మూడు సంగతులు రాసిపెట్టాలని పద్ధతి: ఏముంది, ఏం లేదు, ఎందుకు లేదు.

ఏముంది: ప్రతి పంటు అడుగునా నీళ్ళు తోడే మోటారును నడిపే ప్రోగ్రాం. దాంతోపాటు "పిలుపు". పంటుకీ పంటుకీ మాట కలిపేదీ, కొత్త మూట వస్తే తీగ మీంచి అందుకునేదీ అదే.

ఏం లేదు: "తూకం". పంటు ఓ పక్కకి ఒరిగితే అడుగున ఈ పక్క పొట్టలో నీళ్ళు ఆ పక్క పొట్టలోకి మార్చి దాన్ని నిలబెట్టే ముక్క.

ఎందుకు లేదు: ఎగువ పంటు వాళ్ళు పంపే "నిలకడ" మూటలో అది ఎలాగూ వస్తుంది. లంగర్లూ గొలుసులూ చూసుకునే మూట అది. ప్రతి పంటులోనూ ఆ మూటా ఉంటుంది, నా మూటా ఉంటుంది. ఒకే ముక్కని ఇద్దరం మోయడం దేనికి? నీళ్ళ అడుగున పడున్న ఈ పాత తీగ ఎంత సన్నమో తెలిసినవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టుంటుంది.

ఇలాంటి ముక్కని మా పనిలో ఉప్పు అంటాం. పంట్లలో ఎవరింటికైనా వండి పట్టుకెళ్ళేటప్పుడు పులుసు పట్టుకెళ్తాం, కూర పట్టుకెళ్తాం, ఉప్పు మాత్రం పట్టుకెళ్ళం. అది వాళ్ళింట్లో ఉంటుంది. ఉందా అని అడగను కూడా అడగం. అడిగితే, మీది ఉప్పుకి కూడా గతిలేని కొంప అని మొహం మీద అన్నట్టే. మూటల్లోనూ అంతే. మినహాయింపు రాసి ఊరుకుంటాం.

మూట కోడి ఈకంత తేలిగ్గా వచ్చింది. నా చెల్లెలు సత్యవేణి మొగ పంటు నుంచి పిలిచింది. నది సముద్రంలో కలిసేచోట, అన్నిటికన్నా చివర ఉంటుందా పంటు. నలభై కుటుంబాలు. అక్కడి మోటారుకి కాపలా అదే, ఏ అల వస్తోందో వెనక పంట్లకి ముందుగా చెప్పేదీ అదే.

"అక్కా, చారు పొంగేలోపు ఎక్కేసిందే నీ మూట. ఏం తీసేశావే అందులోంచి?"

"నీ బుర్ర తీసేశాను. అందుకే అంత తేలిక."

ఫక్కున నవ్వింది. వెనకాల దాని ఏడాది పిల్ల కూడా ఎందుకో నవ్వింది. నాకు చాలా గర్వంగా ఉంది. ఇంత శుభ్రమైన మూట ఈ గదిలోంచి ఇంతవరకు వెళ్ళలేదు.

నమోదు 215
గాలి: లేదు. ఉక్క. తీగ: బాగుంది.

ఎగువ పంటు నుంచి "నిలకడ" కొత్త మూట దిగింది. గౌరీపతి గారి పని. ఆయన మూటలెప్పుడూ పెళ్ళివారి సామానులా ఉంటాయి. ఈసారి నా మూటతో సమానంగా తేలిపోయింది. ఎప్పుడూ వేసుకోని ఒక్క పంటు తప్ప అన్నీ మధ్యాహ్నానికల్లా ఎక్కించేసుకున్నాయి.

నాకు కొంచెం ఒళ్ళు మండింది. నన్ను చూసి నేర్చుకున్నాడన్నమాట. ఏం తీసేసి ఉంటాడా అని ఆలోచించలేదు. ఎలా తీసేశాడా అని మాత్రం ఈర్ష్య పడ్డాను.

రేపు కొట్టు కడుగుతారు. మూటలకి కావలసిన ముక్కలన్నీ దాచే చోటది. ఏ మూటా అడగని ముక్కల్ని ఏడాదికోసారి చెరిపేస్తారు, చోటు కోసం. ఎండు రొయ్యలైనా, ప్రోగ్రాములైనా, అడిగేవాళ్ళు లేని సరుకు ఎంతకాలమని దాస్తారు?

నమోదు 219
గాలి: తూర్పు. తీగ: కొంచెం గరగర.

టీ గ్లాసు బల్ల మధ్యన పెట్టి అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి పడమటి అంచుకి వెళ్ళిపోయింది. మళ్ళీ మధ్యలో పెట్టాను. మళ్ళీ వెళ్ళింది, తీరిగ్గా, దానికక్కడ పనున్నట్టు.

పడమటి వైపు చేపల బుట్టలు పేర్చారేమోనని వెళ్ళి అరిచాను. పాపం, చేపలవాళ్ళు మోసుకుని తూర్పు వైపు పెట్టారు. వచ్చి గ్లాసు పెట్టాను. వెళ్ళింది.

మా పంటుకి ఆనుకునే భూషణం బాబాయ్ పంటు ఉంటుంది, మధ్యన ఒక్క పలక. దాన్ని అందరం మొండి పంటు అంటాం. కొత్త మూటేదీ ఆయన వేసుకోడు. ఎప్పుడో ఒకసారి వేసుకున్న రోజే సూరమ్మ పిన్ని పెట్టిన పులస పులుసు మాడిందట. ఆ రెంటికీ ఏం సంబంధమో దేవుడికే తెలియాలి, అప్పట్నుంచి ఒట్టు పెట్టుకున్నాడు. నా అవస్థ కిటికీలోంచి చూస్తూ ఆయన తన బల్ల మీద గ్లాసు నిండా టీ పోసి చూపించాడు. అది కదల్లేదు.

"ఏంటమ్మాయ్, మీ పంటు పడుకోడానికి సూత్తందా?"

"గాలి బాబాయ్."

"మాకూ అదే గాలి గదా. ఆయ్."

కిటికీ వేసేశాను. వేశాక మాత్రం చాలాసేపు ఆ మాట నన్ను వదల్లేదు.

నమోదు 220
గాలి: తూర్పు, గట్టిగా. తీగ: సన్నబడింది.

అడుగుకి దిగి మోటారు పక్కన కూర్చున్నాను. పంటు ఒరిగింది. నాకే తెలుస్తోంది, కూర్చున్నదాన్ని జారుతున్నాను. మోటారు ప్రోగ్రాం తూకాన్ని పిలిచింది, తెర మీద కనబడుతూనే ఉంది. తూకం పలకలేదు. పలకకపోతే మోటారు అరవాలి, ఆగిపోవాలి, ఏదో ఒకటి చెయ్యాలి కదా. ఏమీ చెయ్యలేదు. తనకి సంబంధం లేని సంగతన్నట్టు మామూలుగా తిరుగుతూ ఉంది. ఇన్ని రోజులూ ప్రతి పంటు కిందా ఇదే జరుగుతోందన్నమాట. 

గౌరీపతి గారిని పిలిచాను.

"తూకం మీ మూటలో వస్తుంది కదండీ?" అన్నాను.



"మీ దాంట్లో ఒస్తంది గదాని నేను తీసేశానండి," అన్నాడు.

"నేను మీ దాంట్లో వస్తుందని తీసేశాను."

"మరి నాకో మాట చెప్పొచ్చు కదండీ."

"మీరు నన్నడిగారా?"

"ఉప్పుందా అని ఎలా అడుగుతామండీ, అంత మర్యాద లేకుండా?"

తిడదామనుకున్నాను. ఏమని తిడతాను? నేనైనా అదే అనేదాన్ని. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరని మా అమ్మ ఊరికే అనేది కాదు.

సరే, తూకాన్ని కొట్టులోంచి తెచ్చి మళ్ళీ మూటలో పెడదామని చూశాను. కొట్టు కడిగేశారు. దాన్ని అడిగే మూట ఒక్కటీ లేదు కాబట్టి, నియమం ప్రకారమే, తూకాన్ని చెరిపేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే ఆకులు కూడా లేవు.

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని సాయంత్రం వేణి చెప్పింది. చెబుతూ చెబుతూ, "అక్కా, బుజ్జిదాని ఉయ్యాల తిన్నగా ఊగట్లేదే, ఓ పక్కకే పోతంది," అంది. అప్పుడు దానికి అంతా చెప్పాను. పిల్లని ఉయ్యాల్లోంచి ఎత్తుకున్నట్టు చప్పుడైంది. తర్వాత, "అయితే నువ్వేదో ఒకటి చేస్తావులే," అంది. ఆ నమ్మకం చూసి నాకు ఏడుపొచ్చింది.

నమోదు 221
గాలి: తూర్పు, ఈలలు. తీగ: సన్నం.

తూకం ఇంకా బతికున్న చోటు ఒక్కటే: భూషణం బాబాయ్ పాత మూట. పొద్దున్నే పలక దాటి వెళ్ళాను. దాన్ని బయటికి తీయాలంటే ఆయన మోటారు కాసేపు ఆపాలి. ఈ గాలిలో ఆపడమంటే మాటలు కాదు.

"నడిచేదాన్ని ఆపమంటావా?" అన్నాడు బాబాయ్, కుర్చీలోంచి లేవకుండా. "నన్ను మొండోడన్నారు గదా మీరందరూ. మొండోడి సామానుతో మీకేంటమ్మా పని?"

"బాబాయ్, ఎగతాళికి టైం కాదిది. వేణీ వాళ్ళు మునిగిపోతారు."

"ఎగతాళి చేసింది ఎవరమ్మా? తీగ మీద అందరికీ ఇనబడేలాగ చెప్పు. భూషణం మొండోడు కాడని చెప్పు."

చెప్పాను. ఉన్న పంట్లన్నిటికీ వినబడేలా, గొంతు చించుకుని. సూరమ్మ పిన్ని లోపల్నించి, "సిగ్గులేదయ్యా నీకు, ఆ పిల్ల ఏడుత్తా ఉంటే," అని ఆయన్ని తిట్టింది. ఆయన మొహం చిన్నబోయింది. తనే వెళ్ళి మోటారు ఆపాడు.

నేను తీస్తున్నంతసేపూ ఆ ముసలి పంటు పక్కకి వాలుతూనే ఉంది. వంటింట్లో ఇత్తడి బిందెలు దొర్లాయి. బాబాయ్ గుమ్మం పట్టుకుని నిలబడి నా చేతుల వైపే చూశాడు. తూకం పూర్తిగా వచ్చాక మోటారు వేశాడు. పంటు మెల్లిగా, మోకాళ్ళ నొప్పులున్న మనిషి లేచినట్టు లేచి నిలబడింది. ఇద్దరం నేల మీద చతికిలబడ్డాం.

"ఇదా ఉప్పు," అన్నాడాయన. తీగ మీద గౌరీపతి గారితో నా గొడవ విన్నట్టున్నాడు.

నమోదు 222
గాలి: పేరు చెప్పడానికి లేదు, అన్ని వైపులా. తీగ: వెంట్రుక.

మోటారు, పిలుపు, తూకం కలిపి మూట కట్టాను. బరువు. ఈ గాలికి తీగ రేపు మధ్యాహ్నం దాకా ఉంటే గొప్ప. ఈలోపు మూట అన్ని పంట్లకీ చేరదు.

గౌరీపతి గారు పిలిచారు. "ఒక మాట చెబుతానండి, తప్పుగా అనుకోకండి. అందరికీ అందదు గదండి. మొగ పంటునీ, దాని వెనకున్న రెండు చిన్నవాటినీ లెక్కలోంచి తీసేద్దాం. మిగతావాళ్ళకి చేరుద్ది. మొగకి ఎలాగూ మొదటి దెబ్బ తప్పదు."

"అక్కడ నా చెల్లెలుంది."

"తెలుసండి. అందుకే మీతో చెప్పడానికి నాకు నోరు రావట్లేదు."

"వచ్చిందిగా. ఇంక మూసుకోండి."

నా చెల్లెలు అక్కడ లేకపోతే ఏమనేదాన్నో నాకు తెలియదు. మూటని తేలిక చెయ్యడంలో నన్ను మించినవాళ్ళు లేరని మొన్న మొన్నటి దాకా మురిసిపోయినదాన్ని. ఏమో, సరేనని ఉండేదాన్నేమో.

ఇంకేం తీయాలి? దీపాల లెక్క, వాననీళ్ళ లెక్క, చేపల పెట్టెల చల్లదనం, అన్నీ ఎప్పుడో చెక్కేశాను. ఇక తీయడానికి కొవ్వు లేదు, ఎముకే ఉంది. మోటారు తీయలేను. తూకం తీయలేను. మిగిలింది పిలుపు.

పిలుపు తీసేస్తే అందరికీ చేరుతుంది. కానీ కొత్తది ఎక్కి పాతది చెరిగాక ఏ పంటుకీ మాట్లాడే వీలుండదు, వినే వీలుండదు, తీగ మీద ఇంకో మూట అందుకునే వీలుండదు. గాలి తగ్గాక పడవేసుకుని ఒక్కొక్క పంటుకీ వెళ్ళి పిలుపుని చేత్తో ఎక్కించాలి. ఎవరు మిగిలారో అప్పుడే తెలుస్తుంది.

ఈసారి అడిగాను. సిగ్గు పడకుండా ప్రతి పంటునీ పిలిచి, పిలుపు నా మూటలో ఉండదు, మీ దగ్గర ఇంకో దారేమైనా ఉందా అని అడిగాను. ఎవరి దగ్గరా లేదు. ఎవరూ నొచ్చుకోలేదు కూడా. ముందే ఇలా అడిగి ఉంటే ఏం పోయేదో.

వేణిని అందరికన్నా ముందు వేసుకోమన్నాను.

"అదెలాగే? మోటారు ఆపకుండా మూట ఎక్కదు గదా. అల మీద పడుతుండగా ఆపితే పంటు తిరగబడుద్ది. ఎప్పుడు ఆపాలో వాళ్ళకి ఎవరు చెబుతారు? నాకే గదా అలలు కనబడేది."

"వేణీ, నా మాట విను."

"నువ్వే నా మాట విను. అందరూ వేసుకున్నాక నేను. ఆఖర్న నువ్వు." 

చిన్నప్పట్నించీ దీని మొండితనం ముందు భూషణం బాబాయ్ ఏపాటి? వాదించాను, తిట్టాను, బతిమాలాను. ఒప్పుకోలేదు. చివరికి, "బల్ల మీద గ్లాసు పెట్టుకో. కొత్త మూట ఎక్కి మోటారు తిరిగాక, పాత పిలుపు చెరగడానికి ముందు ఓ క్షణం సందుంటుంది. ఆ సందులో గ్లాసు వెనక్కొచ్చిందో లేదో చెప్పు," అన్నాను.

"గ్లాసులన్నీ పగిలిపోయాయే. ఒక్కటే ఉంది, బుజ్జిది పాలు తాగేది. అది పెడతాలే."

నమోదు 223
గాలి: రాయను. తీగ: ఉంది, ఇంకా.

తెల్లవారగానే మొదలుపెట్టాం. మూట ఒక్కొక్క పంటుకీ పంపుతున్నాను. వేణి అలలు చెబుతోంది. "పెద్దది ఒస్తంది, ఎవరూ ఆపకండి, ఎవరూ ఆపకండి... దాటింది. లంక పంటు, ఇప్పుడు. ఆపండి." లంక పంటు వాళ్ళు ఆపారు, ఎక్కించుకున్నారు. "నిలబడిందండీ," అని ఒక గొంతు వినబడింది, ఆ తర్వాత ఏమీ లేదు.

అలా ఒక్కొక్కటే. కొందరు నిలబడిందన్నారు. ఒకాయన దణ్ణమ్మా అన్నాడు. కొందరి నుంచి ఏమీ రాలేదు. మాట చెప్పే సందు చాల్లేదో, చెప్పే మనిషే లేడో, నాకెలా తెలుస్తుంది? మూట ఎక్కినా అదే నిశ్శబ్దం, పంటు తిరగబడినా అదే నిశ్శబ్దం. నిన్న మూట కట్టేటప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు. తట్టినా ఇంకేం చేసేదాన్ని?

గౌరీపతి గారు వేసుకునే ముందు, "నిన్నటి మాట మర్చిపోండమ్మా," అన్నాడు. సరేనన్నాను. ఆయన గొంతూ ఆగింది.

తీగ మీద వేణీ, నేనూ మిగిలాం. ఇంతకాలం అన్ని పంట్ల వంటలూ తగువులూ పాటలూ కలగాపులగంగా మోసిన తీగ మీద మేమిద్దరమే.

"ఇంక నువ్వు వేసుకో," అన్నాను.

"ఉండవే. ఇది దాటనీ." పిల్ల ఏడుస్తోంది. నీళ్ళ చప్పుడో గాలి చప్పుడో తెలియడం లేదు. మూట మొత్తం అటు చేరినట్టు నాకిక్కడ కనబడింది. "దాటింది. ఆపుతున్నానక్కా."

అది మాట్లాడుతున్నంతసేపూ కొత్త మూట ఎక్కలేదన్నమాటే. నా చెల్లెలి గొంతు ఆగిపోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అలాంటి దణ్ణం ఇంకెవరూ పెట్టుకునే అవసరం రాకూడదు.

"ఎక్కుతోంది... అక్కా, ఇంకోటొస్తందే, చాలా పెద్దది... మోటారు తిరగట్లా... ఉండు ఉండు..." 

తర్వాత గరగర. ఆ గరగరలోంచి ఒక్కసారి గట్టిగా, అరిచినట్టు:

"అక్కా! గ్లాసు"

అంతే.

నమోదు 224
గాలి: తగ్గలేదు. తీగ: లేదు.

ఎవరి సాయమూ లేకుండా, అల ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేకుండా, మా పంటు మోటారు ఆపి మూట ఎక్కించాను. మోటారు తిరిగింది. తూకం పలికింది. పడమటి అంచున ఉన్న గ్లాసు నా కళ్ళముందే నెమ్మదిగా బల్ల మధ్యకి వచ్చి ఆగింది. ముక్క మంచిదే. అందినవాళ్ళని నిలబెడుతుంది.

పాత పిలుపు ఇప్పుడు భూషణం బాబాయ్ దగ్గరే ఉంది. పొద్దుట్నుంచి ఆయన గుమ్మంలో కూర్చుని, "మొగా, మొగా, ఇనబడతందా అమ్మా," అని పిలుస్తున్నాడు. తీగే తెగింది బాబాయ్, ఉన్నా అక్కడ వినే ముక్క లేదు, నేనే తీసేశాను అని చెప్పాను. తెలుసన్నాడు. మళ్ళీ పిలుస్తున్నాడు.

ఆ గ్లాసు గురించే ఆలోచిస్తున్నాను. వెనక్కొచ్చిందని చెప్పబోయిందా, పడిపోయిందని చెప్పబోయిందా? ఆ గొంతుని మనసులో వెయ్యిసార్లు విన్నాను. ఒకసారి నవ్వులా ఉంటుంది, ఒకసారి కాదు.

గాలి తగ్గగానే పడవ తీస్తాం. ముందు మొగకే. పద్ధతి ప్రకారం రాస్తున్నాను.

ఏముంది: పిలుపు, తూకం, మోటారు, దేన్నీ మినహాయించకుండా. తాళ్ళు. బియ్యం, చింతపండు, పిల్లకి పాలపొడి, రెండు గ్లాసులు. ఉప్పు పొట్లం కూడా కట్టాను. సూరమ్మ పిన్ని చూసి, చెల్లెలింటికి ఉప్పు పట్టుకెళ్తావా అనలేదు. ఇంకో గుప్పెడు తెచ్చి అందులో పోసింది.

ఏం లేదు: ఇక్కడ ఎవరి పేరు రాయాలో వెళ్ళి చూస్తే గాని తెలియదు. ఖాళీగా వదిలేస్తున్నాను.